ఫోటో గ్యాలరీ సాఫ్ట్‌వేరూ... మా నాయనమ్మ పరీక్షా

ఈ మధ్య ఆఫీసులో లంచ్ దగ్గర ఓ కొలీగ్ అడిగాడు. "పెళ్ళి ఫోటోలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ బావుంటుంది బాస్?" అని. ఒక్క ముక్కలో చెప్పేద్దామని నోరు తెరిచానా, బ్రేక్ టైం అంతా అయిపోయింది గానీ నా సోది అవ్వలేదు. పాపం వాడు సాంబారన్నం చల్లారిపోతోందని మొహమాటంగా చూస్తూ కూర్చున్నాడు. మిగతాది ఇక్కడ రాస్తున్నా. మీ అన్నం వేడిగానే ఉంటుంది, నచ్చకపోతే విండో మూసెయ్యొచ్చు :)

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకో ముందు చెప్పాలి.

మా అక్క పెళ్ళి 2022 ఫిబ్రవరిలో తెనాలిలో జరిగింది. ఫోటోగ్రాఫర్ మంచి పనోడే. రెండు కెమెరాలు, ఓ డ్రోను, మూడు రోజుల హడావుడి. చివర్లో మాకిచ్చినవి రెండు కరిజ్మా ఆల్బమ్‌లు, ఒక పెన్ డ్రైవు, ఒక ఆన్‌లైన్ గ్యాలరీ లింకు. ఆ లింకు చూసి మేమంతా మురిసిపోయాం. సెల్ఫీ తీసుకుంటే చాలు, మనమున్న ఫోటోలన్నీ వెతికి ముందు పెడుతుంది. డల్లాస్‌లో ఉన్న బావగారి చుట్టాలు కూడా అందులోనే చూసుకున్నారు. పెన్ డ్రైవు బీరువాలో ఏ చీరల మధ్యకో వెళ్ళిపోయింది. అందరం కావలసిన ఫోటోలు వాట్సాప్‌లో పంచుకున్నాం. అంతే, పనైపోయిందనుకున్నాం.

2023 నవంబర్లో మా తాతయ్య పోయారు.

పెద్దకర్మకి ఫ్లెక్సీ వెయ్యాలి, గోడకి పెట్టడానికి ఫ్రేము కట్టించాలి. తాతయ్యకి ఫోటోలంటే చిరాకు. ఆయన నవ్వుతూ కెమెరా వైపు చూసిన ఫోటో నాకు తెలిసి ఒకే ఒక్కటి. అక్క పెళ్ళిలో అక్షింతలు వేసి పక్కకి తిరిగినప్పటిది. ఆ లింకు తెరిచాను. పేజీ లేదు. ఏడాది దాటితే తీసేస్తామని అడుగున చిన్నక్షరాల్లో ఉందట. స్టూడియోకి ఫోన్ చేస్తే "సీజన్ కదా సార్, హార్డ్ డిస్కులు ఎప్పుడో ఖాళీ చేసేశాం" అన్నారు. పెన్ డ్రైవు వెతికి పట్టుకుంటే అది కంప్యూటర్లో పెట్టగానే ఫార్మాట్ చెయ్యమంటోంది.

మిగిలింది వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన ఒక కాపీ. సుమారు 140 కేబీ. అందులో తాతయ్య గుంపులో ఓ మూల. ముఖం మొత్తం కలిపి వెడల్పు 120 పిక్సెల్స్ ఉంటుందేమో. 12 బై 18 అంగుళాల ఫ్రేముకి 300 డీపీఐ చొప్పున చూస్తే 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి. అందులో సగంతో సరిపెట్టుకుందామన్నా మన దగ్గరున్నది ఎక్కడ! ఫ్లెక్సీ షాపు కుర్రాడు చూడగానే చెప్పేశాడు, "అన్నా ఇది పగిలిపోద్ది" అని. మళ్ళీ వాడే జాలిపడి, "ఏఐలో వేసి క్లియర్ చేస్తానుండన్నా" అన్నాడు.

చేశాడు. ఫోటో చాలా క్లియర్‌గా వచ్చింది. కానీ అది తాతయ్య కాదు. నున్నటి చర్మం, ఎక్కడివో తెలీని కళ్ళు. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి "ఎవర్రా ఈయన?" అంది. నేనేం చెప్పలేకపోయాను. చివరికి కరిజ్మా ఆల్బమ్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి, దానితోనే ఫ్రేము కట్టించాం. ఇప్పటికీ గోడ మీద అదే ఉంది, కొంచెం మసగ్గా.

ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని నేను. సర్వర్లకి బ్యాకప్‌లు ఉన్నాయా లేదా అని ఆఫీసులో అందరి ప్రాణాలూ తీసేది నేను. మా ఇంటి ఫోటోలకి బ్యాకప్ లేదు. ఇది ఫోటోగ్రాఫర్ తప్పా, చిన్నక్షరాల తప్పా అని ఎన్నాళ్ళు తిట్టుకున్నా, చూడటానికి ఇచ్చిన లింకుని దాచుకునే చోటు అనుకోవడం నా తప్పే.

ఇహ అసలు విషయానికొస్తా.

ఆ బాధలో, మన ఇంటికి మనమే ఒక గ్యాలరీ పెట్టుకుందామని తీర్మానించాను. ఇంజనీరు తీర్మానించాడంటే ఏం జరుగుతుందో మీకు తెలుసుగా. ఎక్సెల్ షీటు తెరిచాను. పద్నాలుగు కాలమ్స్. ముఖాల గుర్తింపు ఉందా, మ్యాప్ ఉందా, డార్క్ మోడ్ ఉందా... నెల రోజులు ఆ షీటు నింపాను. ఒక్క ఫోటో కూడా పైకెక్కలేదు.

"గూగుల్ ఫొటోస్ ఉండగా ఎందుకురా ఈ గోల?" అని మా బాబాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చాలామందికి అదే సరైన సమాధానం కూడా. వెతుకులాట అద్భుతంగా పని చేస్తుంది, అమ్మకి వాడటం వచ్చు, నేనూ వాడతాను. కాకపోతే కొంచెం వెనక్కి తిరిగి చూడండి.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన 2015 లోనే గూగుల్ ఫొటోస్ వచ్చింది, ఎన్ని ఫోటోలైనా ఉచితం అంటూ (కాస్త కుదించి పెట్టుకోవడానికి ఒప్పుకుంటేనే అనుకోండి). 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం పోయింది. అప్పట్నుంచీ కొత్త ఫోటోలన్నీ జీమెయిల్‌తో పాటు లెక్కలోకి వచ్చాయి. దానికి ముందు పికాసా. మా బాబాయి 2008లో అమెరికా నుంచి ఆల్బమ్‌లన్నీ పికాసాలో పెట్టి మెయిల్లో లింకులు పంపేవాడు. మేము నెట్ సెంటర్‌కి వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. 2016లో పికాసాని ఆపేశారు. ఫోటోలు గూగుల్ ఫొటోస్‌లోకి మారాయి గానీ, పాత కామెంట్లూ శీర్షికలూ చూసుకోవడానికి మిగిల్చిన ఆల్బమ్ ఆర్కైవ్ అనే పేజీని 2023 జులైలో మూసేశారు. ఆ ఆల్బమ్‌ల కింద మా నాన్న వచ్చీరాని టైపింగ్‌తో రాసిన కామెంట్లు పోయినట్టే కదా.

ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. ఫ్లికర్ 2013లో ఒక టెరాబైట్ ఉచితం అంది. 2018లో స్మగ్‌మగ్ దాన్ని కొనుక్కున్నాక ఉచిత ఖాతాకి వెయ్యి ఫోటోలే అంది. ఫొటోబకెట్ 2017లో, వేరే సైట్లలో మీ ఫోటోలు కనపడాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టమంది. దాంతో ఎన్నో ఫోరమ్‌లలో ఫోటోలుండాల్సిన చోట్లన్నీ ఖాళీ డబ్బాలయ్యాయి.

వీళ్ళెవరూ దుర్మార్గులని నేననట్లేదు. డిస్కులకీ కరెంటుకీ డబ్బులవుతాయి, ఎవడో ఒకడు కట్టాలి. నేను చెప్పేది ఒక్కటే. ఒక కంపెనీ షరతులు అయిదారేళ్ళలో మారిపోతాయి. మన ఫోటోలు మాత్రం అరవయ్యేళ్ళు ఉండాలి. ఈ రెండు లెక్కలూ ఎప్పటికీ కలవవు.

పైగా ఖాతా ఒక మనిషిది. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలని తీసేసే హక్కు తమకుందని గూగుల్ 2023లోనే చెప్పింది. తాతయ్య ఫోన్‌లో ఏ ఖాతా ఉందో, పాస్‌వర్డ్ ఏంటో మాకెవరికీ తెలీదు. ఇనాక్టివ్ ఎకౌంట్ మేనేజర్ అని ఒక సెట్టింగ్ ఉంది, మనం లేకపోతే ఎవరికి చేరాలో ముందే చెప్పుకోవచ్చు. మీలో ఎంతమంది దాన్ని తెరిచి చూశారు? నేనూ మొన్నటిదాకా చూళ్ళేదు.

సరే, ఎక్సెల్ షీటు పక్కన పడేసి నిజంగా వాడి చూసిన మూడు రకాల గురించి చెప్తా.

మొదటిది పివిగో. 2002 నుంచీ ఉంది, అప్పట్లో పేరు పీహెచ్‌పీ వెబ్‌గ్యాలరీ. పీహెచ్‌పీ, మైసీక్వెల్ ఉన్న ఏ మామూలు షేర్డ్ హోస్టింగ్‌లోనైనా నడుస్తుంది. ఆల్బమ్‌లో ఆల్బమ్, ఎవరికి ఏది కనపడాలో చెప్పే పర్మిషన్లు, ఫోల్డర్లని ఎఫ్‌టీపీలో ఎక్కించి సింక్ కొడితే చాలు. ఇన్నేళ్ళు బతికిన సాఫ్ట్‌వేర్ అంటే నాకు గౌరవం. దీనితో పాటు అప్పట్లో వెలిగిన గ్యాలరీ అనే ప్రాజెక్టు 2014లోనే పడుకుంది. లోపాలంటే, చౌక హోస్టింగ్‌లో వేల ఫోటోలకి థంబ్‌నెయిల్స్ తయారవడానికి యుగాలు పడుతుంది. అప్‌డేట్లు ఎప్పటికప్పుడు చేస్తూ ఉండాలి. చెయ్యకపోతే పీహెచ్‌పీ సైటుని పట్టించుకోకుండా నెట్‌లో వదిలేసినట్టే, తలుపు తీసిపెట్టి ఊరెళ్ళినట్టు.

రెండోది ఇమ్మిచ్. 2022లో మొదలైన ప్రాజెక్టు, 2025 అక్టోబర్లో 2.0 అని స్థిరమైన వెర్షన్ విడుదల చేశారు. గూగుల్ ఫొటోస్‌ని ఇంట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది. ఫోన్ నుంచి దానంతటదే బ్యాకప్, ముఖాల గుర్తింపు, మ్యాపు, అన్నీ. డాకర్ తెలిసినవాడికి గంట పని. నా పాత లాప్‌టాప్‌కి ర్యామ్ పెంచి మియాపూర్లో నా గదిలో పెట్టాను. వారం రోజులు నేను మనిషిని కాదు. రాత్రి రెండింటికి కూర్చుని ముఖాలకి పేర్లు పెట్టడం! మా పెద్దత్తనీ చిన్నత్తనీ అది ఒక్కరే అంది. వాళ్ళిద్దరికీ చెప్తే ఒకరు సంతోషించారు, ఒకరు అలిగారు. ఎవరు ఏదో చెప్పను :)

కానీ అసలు కథ 2025 సంక్రాంతికి. ఇంటిల్లిపాదీ తెనాలిలో కూర్చున్నాం. "ఏదీ నీ గ్యాలరీ, టీవీలో పెట్టు" అన్నారు. పెడదామంటే తెరుచుకోదు. మియాపూర్లో కరెంటు పోయింది. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు తిరిగొచ్చినా అది తనంతట తాను లేవదు. దాని పవర్ బటన్ నొక్కడానికి గదిలో ఎవరూ లేరు, రూమ్మేట్లూ సంక్రాంతికి ఊళ్ళకి పోయారు. నాన్న "సర్లే, అరిసెలు తిను" అన్నారు. ఆఫీసులో ఇలాంటి డిజైన్ ఎవడైనా తెస్తే రివ్యూలో చీల్చి చెండాడేవాడిని.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లు సీజీనాట్ వెనకాల ఉంటాయి, సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. బయట నుంచి చూడాలంటే టెయిల్‌స్కేల్ లాంటిదేదో ప్రతి ఫోన్‌లోనూ పెట్టాలి. మనకి అది చిటికెలో పని. "అత్తా, ముందు వీపీఎన్ ఆన్ చెయ్యి, తర్వాత ఫోటోలు చూడు" అని ఒక్కసారి ఫోన్లో చెప్పి చూడండి, తెలుస్తుంది.

మూడోది స్టాటిక్ గ్యాలరీ. థంబ్సప్ అని ఒకటుంది (కూల్ డ్రింక్ కాదు), సిగల్ అని పైథాన్‌లో ఇంకోటుంది. మన ఫోల్డర్ చూపిస్తే చిన్న బొమ్మలు, పెద్ద బొమ్మలు తయారుచేసి మామూలు హెచ్‌టీఎమ్ఎల్ పేజీలు ఇస్తాయి. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, సర్వర్లో నడిచే ప్రోగ్రాం లేదు. ఆ ఫోల్డర్ని ఏ హోస్టింగ్‌లో పడేసినా పని చేస్తుంది. పెన్ డ్రైవులో వేసి ఇచ్చినా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. హోస్టింగ్ వాడు మూసేస్తే ఇంకోచోట పడెయ్యడమే. కామెంట్లుండవు, ముఖాలు గుర్తుపట్టదు, ఫోన్ బ్యాకప్ లేదు. బోరింగ్‌గా ఉంటుంది. మా నాయనమ్మకి అదే నచ్చింది. లింకు నొక్కింది, వచ్చింది, వేలితో జరిపింది. ఇంకేం అడగలేదు.

లెక్క కూడా చూడండి. మా ఇంట్లో తేలినవి మొత్తం 6,400 ఫోటోలు. ఒక్కోటి సగటున 8 ఎంబీ వేసుకుంటే 51 జీబీ. అదే తెర మీద చూడటానికి 2048 పిక్సెల్స్‌కి తగ్గిస్తే ఒక్కోటి అర ఎంబీ, అంతా కలిపి 3.2 జీబీ. ఒరిజినల్స్ ఇంట్లో డిస్కుల మీద, ఈ చిన్నవి మాత్రమే నెట్ మీద. చౌక హోస్టింగ్ కూడా దీనికి చాలు. అసలు ఈ తేడా తెలీకే ముందు నేను 51 జీబీని నెట్ మీదకి ఎక్కించబోయాను.

ఇవన్నీ వాడాక నాకర్థమైంది ఏంటంటే, నేను తప్పు ప్రశ్న అడుగుతున్నాను. ఏ గ్యాలరీ బావుంటుంది అని కాదు అడగాల్సింది. ఫోటోలు దాచేది ఫోల్డర్లలో. గ్యాలరీ వాటిని చూపించేది మాత్రమే, పదేళ్ళకోసారి అది మారుతుంది. కాబట్టి నేనిప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మూడే ప్రశ్నలు అడుగుతా.

ఒకటి, నాయనమ్మ నా సాయం లేకుండా తెరవగలదా? యాప్ దింపుకో, ఓటీపీ చెప్పు, వీపీఎన్ పెట్టు అంటే ఫెయిల్.

రెండు, రేపు దీన్ని వదిలేస్తే ఫోటోలు తేదీలతో, పేర్లతో, రాసుకున్న మాటలతో సహా బయటికొస్తాయా? గూగుల్ టేకౌట్ వాడినవాళ్ళకి తెలుసు. ఫోటోలొస్తాయి గానీ, మనం అక్కడ సరిదిద్దిన తేదీలూ రాసుకున్న వివరణలూ పక్కన జేసన్ ఫైళ్ళలో వస్తాయి. వాటిని మళ్ళీ ఫోటోలకి అతికించడం ఒక వారాంతం పని. ఇమ్మిచ్‌లో కూడా స్టోరేజ్ టెంప్లేట్ ఆన్ చెయ్యకపోతే, లోపల ఫోల్డర్ల పేర్లు మనిషి చదివేలా ఉండవు. మొదటి రోజే ఆ సెట్టింగ్ చూసుకోండి.

మూడు, నేను లేకపోతే ఎవరు నడుపుతారు? ఉద్యోగం మారొచ్చు, దేశం మారొచ్చు, అసలు మనిషినే ఉండకపోవచ్చు. నా పాస్‌వర్డ్ లేనిదే మా ఇంట్లో ఎవరూ తాతయ్యని చూడలేరంటే, నాకూ ఆ ఏడాది లింకుకీ తేడా ఏముంది?

ఈ మూడోది మన ఐటీ వాళ్ళకి మింగుడు పడదు. సొంత సర్వర్ అనగానే స్వాతంత్ర్యం అనుకుంటాం. మనకి స్వాతంత్ర్యమే, ఇంట్లోవాళ్ళకి మాత్రం గూగుల్ బదులు మనం వచ్చామంతే. గూగుల్ వాడికి డేటా సెంటర్లున్నాయి, మనకి బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్ ఉంది.

చివరికి నేను చేసింది చెప్తా, ఇదే గొప్పదని కాదు.

ఫోటోలన్నీ ఏడాది, సందర్భం పేరుతో మామూలు ఫోల్డర్లలో. "2022-02 అక్క పెళ్ళి తెనాలి" అన్నట్టు. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి నా దగ్గర, ఒకటి తెనాలిలో నాన్న బీరువాలో. మూడో కాపీ డబ్బు కట్టి క్లౌడ్‌లో. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట అని ఫోటోగ్రాఫర్లు చెప్పుకునే పాత లెక్కే. పండగకి వెళ్ళినప్పుడల్లా నాన్న డిస్కు తెరిచి చూస్తాను. పెన్ డ్రైవుతో తగిలిన దెబ్బ అది.

ఎవరు ఎవరన్నది డిజికామ్‌లో రాస్తున్నాను. అది ఉచితం, రాసింది ఫోటో ఫైల్లోపలే ఎక్స్ఎంపీగా ఉండిపోతుంది, తెలుగు కూడా ఇబ్బంది లేకుండా ఉంటుంది. ఇక్కడో చిట్కా. మావయ్య, పెద్దమ్మ అని రాయకండి. నాకు మావయ్య మా నాన్నకి బావమరిది, రేపు మా అక్క కూతురికి ఇంకెవరో. పేరూ, ఊరూ రాయండి. ఈ పనికి నాయనమ్మే నాకు సర్చ్ ఇంజన్. 1970ల నాటి నలుపు తెలుపు ఫోటోలో చివర నిలబడ్డ కుర్రాడెవరో చెప్పగలిగింది ఆవిడొక్కతే. ఆవిడ చెప్తుంటే నేను టైపు చేస్తున్నా. ఏ ముఖాల గుర్తింపు సాఫ్ట్‌వేరూ ఈ పని చెయ్యలేదు, దీనికి ఎంత టైముందో కూడా ఎవరూ చెప్పలేరు.

అందరికీ చూపించాల్సినవి ఏరి స్టాటిక్ గ్యాలరీ. పైకెక్కించే ముందు కాపీల్లోంచి జీపీఎస్ వివరాలు ఎక్సిఫ్‌టూల్‌తో తీసేస్తాను. పిల్లల ఫోటోలతో పాటు ఇంటి చిరునామా ఊరంతా పంచక్కర్లేదు. ఐఫోన్ హెచ్ఈఐసీ ఫోటోలని జేపెగ్ చేస్తాను, ఎందుకంటే చాలా బ్రౌజర్లు వాటిని చూపించవు. ఇమ్మిచ్ కూడా ఉంది, తీసెయ్యలేదు. కాకపోతే అది నా ఫోన్ బ్యాకప్ కోసం, నా సరదా కోసం. అది పోతే ఎవరికీ నష్టం లేదు.

ఇంకా ఒక వంద ఫోటోలు ప్రింట్ తీయించి అట్ట ఆల్బమ్‌లో పెట్టాను. నవ్వకండి. లింకు పోయింది, పెన్ డ్రైవు పోయింది, ఏఐ తాతయ్యని మార్చేసింది, చివరికి పనికొచ్చింది కాయితమే కదా.

మా కొలీగ్‌కి చివరికి నేను చెప్పింది ఇదే. గ్యాలరీ ఏదైనా పెట్టుకో, వచ్చే నెల మార్చుకున్నా ఫర్వాలేదు. ఇవాళ సాయంత్రమే ఫోటోగ్రాఫర్ దగ్గరికి ఒక హార్డ్ డిస్కు పట్టుకెళ్ళి ఒరిజినల్స్ అన్నీ కాపీ చేయించుకో. వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపమను, ఫోటోగా కాదు.

మీ ఇంట్లో పెళ్ళి ఫోటోల లింకు ఏదైనా ఉంటే ఒకసారి నొక్కి చూడండి, ఇంకా తెరుచుకుంటోందేమో. తెరుచుకుంటే వెంటనే దింపేసుకోండి. నేను వాడని మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా మీరు వాడుతుంటే చెప్పండి, ప్రయత్నిస్తాను. నాయనమ్మ పరీక్షకి మాత్రం కూర్చోవాల్సిందే.